గిటారునకు క్రొత్త తీగలు

గిటారు నేర్చుకొను విద్యార్థులు క్రొత్త తీగలు కట్టిన మఱునాడే మాయొద్దకు వచ్చి చెప్పుకొను ఫిర్యాదు ఒకటి కలదు. రాత్రి చక్కగా శ్రుతి చేసి పెట్టినను తెల్లవారుసరికి ఆఱు తీగలును దిగిపోయినవనియు, అంగడివాడు నాసి సరకు అంటగట్టెననియు వారందురు. మూడు నెలలు గడచిన పిమ్మట ఆ విద్యార్థులే మఱియొక మాట చెప్పుదురు. ఇప్పుడు శ్రుతి నిలుచుచున్నది గాని నాదమున జీవము లేదు, వాద్యమే చెడిపోయినదేమో యని వారి సందేహము. ఈ రెండవ మాట ఇంటికి చేరినచో తండ్రి క్రొత్త గిటారునకై అప్పు చేయుటకు సిద్ధపడును. అట్టి తండ్రులను మేము ఎఱుగుదుము. కొన్ని వందల రూపాయల తీగలతో తీరు పనికి వేలు వెచ్చింపవలసిన అగత్యము లేదు. మొదటి ఫిర్యాదునందు తీగ తప్పు లేదు. రెండవ దానియందు వాద్యము తప్పు లేదు. తీగకు ఒక ఆయువు కలదు. బాల్యమున అది నిలుకడ లేక యుండును, నడిమి వయస్సున చక్కగా పలుకును, తుదకు మూగవోవును. వాద్యమును పరీక్షింపదలచువారు ఆ నడిమి కాలమునందే పరీక్షింపవలెను. ఇది ఎందుచేత నిట్లగునో ఈ వ్యాసమున తెలుపుదుము.

తీగ పలుకు స్వరము మూడు విషయముల ననుసరించి యుండును: దాని పొడవు, దాని బరువు, దాని బిగువు. ఈ సంబంధమును లెక్కలతో స్థాపించి ఫ్రాన్సు దేశపు మతగురువగు మెర్సెన్ 1636లో ప్రకటించెను. పొడవు సగమైనచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. వీణ వాయించువారికి ఇది వ్రేళ్లతోనే తెలియును. కాని బిగువు విషయమున లెక్క వేఱు. పొడవు మార్పక బిగువు చేతనే స్వరమును ఒక స్థాయి పెంచవలెనన్న బిగువును రెండింతలు గాక నాలుగింతలు చేయవలెను. అంతకు ముందే తీగ తెగును!

గిటారు తీగలు ఆఱును ఒకే పొడవు గలవి. వాని బిగువులును ఇంచుమించు సమానములే. అయినను మందపు తీగ సెకనునకు 82 మార్లును, సన్నని తీగ 330 మార్లును కంపించును. అనగా వాని నడుమ రెండు స్థాయిల అంతరము కలదు. ఈ అంతరమంతయు బరువువలననే రావలయును గనుక, మందపు తీగ సన్నని తీగకన్న అంగుళమునకు అంగుళము సుమారు పదునాఱు రెట్లు బరువుగా నుండవలెను. ఒంటి ఉక్కుతీగనే అంత లావుగా చేసినచో అది కడ్డీవలె బిరుసై పలుకనే పలుకదు. కావున సన్నని నడిమి తీగపై కంచుతీగనో రాగితీగనో ఒత్తుగా చుట్టి బరువు పెంచుదురు. ఈ చుట్టుతీగల సంగతి ముందు మరల వచ్చును. పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

ఇక శ్రుతి దిగుట మాట. ఉక్కుతీగ సాగునని మనకు కంటికి తోచదు. కాని సన్నని మొదటి తీగను శ్రుతికి ఎక్కించునప్పుడు అది పది కిలోగ్రాముల బరువు వ్రేలాడదీసినంత బిగువును పొందును. అందుచేత నాలుగైదు మిల్లీమీటర్ల మేర సాగును. ఆ సాగిన నాలుగైదు మిల్లీమీటర్లలోనే దాని శ్రుతి యంతయు నున్నది. అందులో ఎక్కడనైనను అర మిల్లీమీటరు సడలినచో బిగువు నూటికి పదకొండు పాళ్లు తగ్గి, స్వరము ఒక అర్ధస్వరము దిగును. అర మిల్లీమీటరనగా పెన్సిలు గీత మందము! క్రొత్త తీగ ఇంత సులభముగా శ్రుతి తప్పుటకు మూలకారణ మిదియే. తీగ చెడ్డదైనందున కాదు, సడలుటకు దానికి చోటులు పెక్కు గలవు.

ఆ చోటులలో మొదటిది బిరడ. తీగను బిరడకు చుట్టినప్పుడు ఆ చుట్లు పైకి బిగువుగా కనబడినను లోపల వదులుగానే యుండును. క్రొత్తగా నులక అల్లిన మంచము నాలుగు రాత్రులు పండుకొనుసరికి నడుమ క్రుంగుట యెవ రెఱుగరు? నులక తెగినదని గాని పాడైనదని గాని ఎవరును అనరు. కాళ్లవైపు త్రాటిని మరల లాగి బిగింతురు. బిరడపై తీగయు నట్టిదే. ఎన్ని చుట్లు ఎక్కువగా చుట్టిన అంత ఎక్కువ కాలము క్రుంగుచుండును. పిల్లలు తీగను కత్తిరించుటకు మనసొప్పక పొడవంతయు బిరడకు చుట్టిపెట్టుట మేము చూచుచుందుము. రెండు మూడు చుట్లు చాలును; మిగిలినదానిని కత్తిరింపవలెను.

రెండవ చోటు గుఱ్ఱము వద్ద నున్నది. ఉక్కుతీగ చివర ఒక చిన్న ఇత్తడి గుండు ఉండును. అది పలక క్రింద కుదురుకొనువఱకు జాఱుచుండును. నైలాను తీగకు గుండు లేదు, గుఱ్ఱమునకు ముడివేయుదురు; ఆ ముడి బిగిసికొనువఱకు శ్రుతి నిలువదు. ఇవిగాక తీగ గుఱ్ఱముపై వంగు చోటను, మెడ చివరనున్న ఎముకపట్టీపై వంగు చోటను ఆ వంపులు స్థిరపడవలెను. ఇవి యన్నియు చిన్నవే. కాని మనము లెక్కించునది అర మిల్లీమీటరును కదా.

మూడవ కారణము తీగ పదార్థమునందే యున్నది. ఉక్కునందు స్వల్పము, నైలానునందు మిక్కుటము. పూర్వము ఈ వాద్యమునకు గొఱ్ఱె ప్రేవులతో చేసిన తంత్రులు కట్టెడివారు. అవి వానకాలమున ఒక తీరుగను వేసవిలో ఒక తీరుగను ఉండి వాయించువారిని ఏడిపించెడివి. 1935లో అమెరికాలో కరోథర్సు అను రసాయన శాస్త్రజ్ఞుడు నైలానును కనిపెట్టెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ప్రేవుదారము వైద్యులకు గాయములు కుట్టుటకు కావలసివచ్చి సంగీతజ్ఞులకు కఱవయ్యెను. ఆ దశాబ్దమున న్యూయార్కు నగరమున ఆల్బర్టు ఆగస్టీన్ అను వాద్యనిర్మాత నైలానుతో గిటారు తీగలు చేయ నారంభింపగా, స్పెయిను దేశపు విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా వానిని వాయించి లోకమునకు పరిచయము చేసెను. నేడు శాస్త్రీయ గిటారునకు కట్టునవి ఎక్కువగా నైలాను తీగలే.

నైలాను అణువులు మిక్కిలి పొడవైన దారములవలె ఒకదానితో నొకటి చిక్కుపడి యుండును. బిగించి పెట్టినప్పుడు అవి మెల్లమెల్లగా జాఱుచు తీగ పొడవువెంబడి సర్దుకొనుచుండును. ఇది ఒక గంటలో ముగియునది కాదు. మొదటి దినమున మిక్కిలి వేగముగను, తరువాత నానాటికి మెల్లగను జరుగుచు, కొన్ని దినములకు గాని కుదుటబడదు. ఒంటి ఉక్కుతీగలు కొన్ని గంటలలోనే నిలకడకు వచ్చును. చుట్టుతీగలకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును. నైలాను కట్టిన విద్యార్థి తన ప్రక్కనున్న ఉక్కుతీగల విద్యార్థిని చూచి అసూయపడ నక్కఱలేదు.

ఇంకొక చిక్కు కలదు. దీనిని చాలమంది గమనింపరు. గిటారు మెడయు పైపలకయు కఱ్ఱతో చేసినవి. తీగలను బిగించినకొలది అవి కొంచెము వంగును. ఆఱవ తీగను శ్రుతికి ఎక్కించుసరికి మెడ మఱికొంత వంగి, ముందు శ్రుతిచేసిన తీగలు కొంచెముగా సడలును. అందుచేత ఒక్క మాఱు వరుసగా శ్రుతిచేసి ముగించితిమనుకొనుట పొరపాటు. రెండు మూడు మాఱులు ఆఱింటిని చుట్టివచ్చిన పిమ్మటనే అన్నియు ఒద్దికకు వచ్చును. ఈ కారణముచేతనే తీగలను మార్చునప్పుడు ఆఱింటిని ఒక్కసారిగా విప్పివేయక, ఒకటి విప్పి ఒకటి కట్టుట మేలు. గిటారు విషయమున ఇది సౌకర్యము మాత్రమే. ఫిడేలు విషయమున ఇది అవశ్యము. ద్వారం వెంకటస్వామినాయుడు గారి (1893–1964) మూలమున మన తెలుగువారికి మిక్కిలి ప్రియమైన ఆ వాద్యమునకు గుఱ్ఱమును జిగురుతో అంటింపరు. తీగల ఒత్తిడియే దానిని నిలిపి యుంచును. అన్ని తీగలును ఒక్కమాఱు విప్పినచో గుఱ్ఱము పడుటయే గాక, లోపల నిలిపిన చిన్న కఱ్ఱముక్కయు పడిపోవచ్చును. ఆ కఱ్ఱముక్కను ఫ్రెంచివారు వాద్యమునకు ఆత్మ యందురు. దానిని మరల నిలుపుట బాలుర పని కాదు.

అయినచో త్వరగా కుదుటబఱచు ఉపాయము లేదా యని అడుగుదురు. కలదు. శ్రుతి చేసిన వెనుక తీగను నడుమ రెండు వ్రేళ్లతో పట్టి, పలకనుండి కొంచెముగా పైకెత్తి, గుఱ్ఱమునుండి మెడవఱకు మెల్లగా లాగుచు పోవలెను. తోడనే శ్రుతి దిగును. మరల ఎక్కించి మరల లాగవలెను. నాలుగైదు మాఱు లిట్లు చేయుసరికి బిరడపై చుట్లును చివరి ముడియు బిగిసికొనును. బలము చూపరాదు, ఇది బావి చేదత్రాడు కాదు. మఱియు, శ్రుతి చేయునప్పుడు ఎల్లప్పుడును క్రిందినుండి పైకే రావలెను. పొరపాటున పైకి పోయినచో బాగుగా దించి మరల ఎక్కింపవలెనే గాని, పైనుండి దించి అక్కడనే ఆపరాదు. అట్లు చేసినచో బిరడ పండ్లలో మిగిలిన వదులు వాయించునప్పుడు తీగలోనికి వచ్చి శ్రుతి దిగును.

కుదుటబడిన తీగయు ఎండవానలకు కదలుచునే యుండును. పది డిగ్రీల వేడిమి పెరిగినచో ఉక్కు సన్నతీగ వ్యాకోచించి అర్ధస్వరములో సుమారు ఏడవ వంతు దిగును. చల్లని గదిలో శ్రుతిచేసి దీపముల వేడి గల వేదికపైకి పోవువారు ఈ సంగతి తెలిసియుండవలెను.

ఇంతవఱకు శ్రుతి మాట చెప్పితిమి. నాదము మాట వేఱు. తీగను మీటినప్పుడు అది ఒక్క స్వరమునే పలుకదు. మొత్తము తీగ ఊగుచుండగనే దాని సగములు, మూడవ వంతులు, నాలుగవ వంతులు కూడ వేఱువేఱుగా ఊగుచు, రెండింతలు, మూడింతలు, నాలుగింతల కంపనములు గల స్వరములను కలిపి వినిపించును. వీనిని ఉపస్వరము లందుము. ఫ్రాన్సు దేశపు సావ్యూరు 1701 ప్రాంతమున వీనిని గుఱించి విపులముగా వ్రాసెను. వీణకును గిటారునకును స్వరమొకటే అయినను మనము కన్నులు మూసికొని ఇది వీణ, ఇది గిటారు అని చెప్పగలుగుట ముఖ్యముగా ఈ ఉపస్వరముల పాళ్లవలననే.

ఈ విషయమున మనవారొకరి పేరు చెప్పక ముందునకు పోజాలము. విశాఖపట్టణమున సెంట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను గడచిన చంద్రశేఖర వేంకటరామన్ గారు, కాంతిని గుఱించిన పరిశోధనకు 1930లో నోబెలు బహుమానము పొందక పూర్వము, చాలకాలము తీగల నాదమునే పరిశీలించిరి. తీగను ఏ చోట మీటుదుమో ఆ చోట నిశ్చలముగా నుండవలసిన ఉపస్వరము పలుకరాదని పాశ్చాత్యుల నియమము. వీణ, తంబురల గుఱ్ఱములు వెడల్పై వంపుగా నుండుటచేత వానియందు ఆ నియమము చెల్లక, పలుకరాని ఉపస్వరములు సైతము పలుకుచున్నవని ఆయన 1921లో ప్రకటించిరి. మన తంబురలోని ఆ ఝంకారమునకు కారణము తెలిపిన వ్యాసమది.

గిటారునకు తిరిగి వత్తము. క్రొత్త తీగయందు పైస్థాయి ఉపస్వరములు నిండుగా పుట్టి చాలసేపు నిలుచును. లోహము శుభ్రముగా నున్నది, చుట్ల నడుమ ఏమియు చేరలేదు, ఊగుటకు అడ్డులేదు. అందుచేత నాదము గంట కొట్టినట్లు ఖంగున మ్రోగును. మొదటి రెండు మూడు దినములు ఈ మ్రోత కొంత కటువుగానే యుండును. వ్రేలు చుట్టుతీగపై జాఱినపుడు కీచుమను చప్పుడును హెచ్చుగా వినవచ్చును. విద్యార్థులు దీనినే మంచి నాదమని మురియుదురు. మా యభిప్రాయము వేఱు. ఆ కటుత్వము తగ్గి శ్రుతి కుదురుకొనిన తరువాతి దినములే వాద్యము యొక్క నిజమైన గొంతును వినిపించు దినములు.

తరువాత క్షీణదశ. చేతి చెమటలోని ఉప్పు, చర్మపు జిడ్డు, దుమ్ము చుట్ల సందులలోనికి చేరును. చుట్లు ఒకదానితో నొకటి రాచుకొనుచు కంపనశక్తిని మ్రింగును. పైస్థాయి ఉపస్వరములు వేగముగా ఊగునవి గనుక అవియే ముందు చచ్చును. మూలస్వరము మాత్రము మిగులును. అందుచేతనే ముసలి తీగ బొంగురుగా, గుడ్డ కప్పి మీటినట్లు పలుకును. కాకినాడ, బందరు, విశాఖపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి తోడై త్రుప్పు మఱింత త్వరగా పట్టును. నైలాను జాతిలో సన్నతీగలు మూడును త్రుప్పు పట్టవు గనుక చిరకాలము మన్నును. మందపు మూడింటిపై లోహపుచుట్టు కలదు గనుక అవి ముందుగా మూగవోవును. అందుచేత ఆఱింటిని మార్చలేనివారు మందపు మూడింటిని మాత్రము మార్చుకొనినను చాలవఱకు పని జరుగును.

తీగ ముసలిదైనదో వాద్యము చెడినదో తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. పండ్రెండవ మెట్టు తీగకు ఇంచుమించు సరిగా నడుమ నుండును. అచ్చట తీగను నొక్కక వ్రేలితో తాకీతాకనట్లు తాకి మీటినచో చిఱుగంటవంటి స్వరము వినబడును. పిమ్మట అదే మెట్టుపై నొక్కి మీటవలెను. రెండును ఒకే స్వరముగా నుండవలెను. తీగ క్రొత్తగా కుదుటబడిన దినములలో సరిగా కలిసినవి నెలలు గడచిన పిమ్మట కలియకున్నచో తప్పు తీగదే యని మొదట అనుమానింపవలెను. మెట్లమీద పదేపదే నొక్కబడి తీగ అచ్చటచ్చట నొక్కులు పడును. కొన్నిచోట్ల మురికి పేరుకొనును. అప్పుడు దాని బరువు పొడవునను సమముగా నుండదు. సమముగా లేని తీగ ఏ మెట్టుపైనను నిజము చెప్పదు. చెవి యింకను కుదురని బాలుడు అట్టి తీగపై నెలలకొలది అభ్యాసము చేసినచో తప్పు స్వరమునకే చెవి అలవాటుపడును. డబ్బు నష్టముకన్న ఈ నష్టమును గుఱించియే మాకు భయము ఎక్కువ.

వాయించిన ప్రతిసారియు పొడి నూలుగుడ్డతో తీగలను మీదను క్రిందను తుడిచినచో వాని ఆయువు పెరుగును. వాయించుటకు ముందు చేతులు కడుగుకొనుట అంతకన్న మేలు. జామపండు తిన్న చేతితో వచ్చువారు మా తరగతిలో కొందఱు కలరు. పాత చుట్టుతీగలను విప్పి మరుగు నీటిలో కాచి ఆఱబెట్టి మరల కట్టుకొనువారును లోకమున నున్నారు. మురికి కొంత వదలి కొన్నాళ్లు మెఱుగుగా పలుకుట నిజమే. కాని నొక్కులు పడిన లోహమునకు చారు కాచినంత మాత్రమున యౌవనము తిరిగి రాదు.

అందఱకును మెఱుపు నాదమే కావలెనని మేము చెప్పుట లేదు. అమెరికాలోని డెట్రాయిటు నగరమున మోటౌన్ సంస్థ పాటలకు బాసు గిటారు వాయించిన జేమ్సు జేమర్సన్ (1936–1983) తీగ తెగినగాని మార్చడని ప్రసిద్ధి. ఆ మందమైన నాదమే ఆయన పాటలకు అందము. అతడు కోరి తెచ్చుకొనినది అది. మన విద్యార్థికి తెలియక వచ్చినది అదే నాదమైనను, దానిని శైలి యనుటకు వీలులేదు.

తలిదండ్రులకు ఒక హెచ్చరిక. తీగలు కొనునప్పుడు వాద్యము ఏ జాతిదో చూచి కొనవలెను. నైలాను తీగల ఆఱింటి బిగువు కలిపి సుమారు 40 కిలోగ్రాములు. ఉక్కుతీగలలో తేలికవి సైతము కలిపి 70 కిలోగ్రాములకు మించి లాగును, అనగా ఎదిగిన మనుష్యుడొకడు రాత్రింబవళ్లు ఆ పలకను పట్టుకొని వ్రేలాడుట. నైలానునకై పలుచగా చేసిన గిటారునకు గట్టిగా మ్రోగునను ఆశతో ఉక్కుతీగలు కట్టినచో పైపలక ఉబ్బును, మెడ వంగును, ఒకనాడు గుఱ్ఱము పలకనుండి ఊడివచ్చును. అప్పుడు మాత్రము చెడినది నిజముగా వాద్యమే. తీగ చివర ఇత్తడి గుండున్నదా, ముడివేయవలసినదా అని చూచినచో చాలవఱకు జాతి తెలియును. సందేహమున్న యెడల పాత తీగ ముక్కను అంగడికి తీసికొనిపోవలెను.

ఇక వార్షికోత్సవమున వాయింపనున్న విద్యార్థులకు. నైలాను తీగలైనచో ఉత్సవమునకు వారము దినములు ముందుగను, ఉక్కుతీగలైనచో రెండు మూడు దినములు ముందుగను మార్చి, ప్రతిదినమును వాయించుచు శ్రుతి సరిచేయుచుండవలెను. ఉత్సవమునాటి ఉదయమున ఎవరును క్రొత్త తీగ కట్టరాదు. విప్పిన పాత తీగలలో త్రుప్పు పట్టనివానిని పాఱవేయక, తుడిచి చుట్టగా చుట్టి పెట్టెలో నుంచుకొనవలెను. వేదికమీద తీగ తెగినచో అప్పటి కక్కఱకు వచ్చునది క్రొత్త తీగ కాదు, ముందే సాగి కుదుటబడిన ఆ పాత తీగయే.